మిగిలిన లీటర్లు

మా ఆయన శుక్రవారం వస్తాడా రాడా అన్నది మూడేళ్లపాటు ఆయన చేతిలో లేదు, నా చేతిలోనూ లేదు. పెట్రోలు చేతిలో ఉండేది. మొగుడూ పెళ్లాం ఒకే దేశంలో ఉన్నారు, మీకేం తక్కువ అని కడప నుంచి ఫోన్ చేసినవాళ్లు అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఒకే దేశంలో ఉన్న మాట నిజమే. ఆయన మస్కట్ నగరంలో, అల్ ఖువైర్‌లో ఒక పెద్దాయన ఇంట్లో డ్రైవరు. నేను బర్కాలో, ఖర్జూర తోటల మధ్య ఉన్న ఒక ఇంట్లో వంటకూ పిల్లలకూ ఉండేదాన్ని. మధ్యలో ఎనభై కిలోమీటర్ల రోడ్డు. ఆయనకు కారు షెడ్డు పక్కన గది ఇచ్చారు, అక్కడికి నేను పోకూడదు. నాకు వంటింటి వెనక గది ఇచ్చారు, అక్కడికి ఆయన రాకూడదు. ఎవరూ చెడ్డవాళ్లు కాదు. ఇళ్లల్లో పనికి కుదిరినవాళ్లకు పద్ధతి అది.

మొదటి ఏడాది ఆయన టాక్సీలో రెండుసార్లు వచ్చాడు. రౌండబౌట్ దగ్గర దిగి, ఆ ఎండలో నడిచి వచ్చాడు. వచ్చి ఏం లాభం? కూర్చోవడానికి చోటేది? మలయాళీ కిరాణా కొట్టు నీడలో నిలబడి చెరొక మజ్జిగ ప్యాకెట్ తాగాం. కొట్టాయన మమ్మల్నే చూస్తున్నాడు. బ్యాంకు క్యూలో ఇద్దరు మాట్లాడుకున్నట్టు మాట్లాడుకున్నాం. ఆయన నా చెయ్యి పట్టుకోబోయి, కొట్టాయన వైపు చూసి, తన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు గదికి వచ్చి నేను చాలాసేపు ఏడ్చాను.

ఆ తర్వాత మాకు కారు దొరికింది. కొనుక్కున్నది కాదు. మా ఆయన పనిచేసే ఇంటి పెద్దాయనది. ఆయన్ను మా ఆయన బాబా అంటాడు, నేనూ అదే అంటాను. బాబా పింఛను చిన్నది. మా ఆయన జీతం దుబాయ్‌లో ఉండే కొడుకు పంపుతాడు. బాబాలాగా రాబడి తక్కువ ఉన్న ఒమానీలకు సర్కారు పెట్రోలు మీద సబ్సిడీ ఇస్తుంది. బండిని పేరు మీద నమోదు చేసుకుంటే నెలకు ఇన్ని లీటర్లని తక్కువ ధరకు పోస్తారు. మా బోటి బయటి దేశం వాళ్లకు అది వర్తించదు. దరఖాస్తు ఫోన్‌లోనే పెట్టుకోవాలి. బాబాకు ఫోన్‌లో పచ్చ బటనూ ఎర్ర బటనూ తప్ప ఇంకోటి తెలీదు. మా ఆయనే బాబా కార్డూ, బండి కాగితమూ పక్కన పెట్టుకుని ఒక్కో గడీ నింపాడు. అర్థంకాని చోట ఫోటో తీసి నాకు పంపేవాడు. ఎందుకంటే నేను పదో తరగతి పాసు, లెక్కల్లో ఎనభై ఆరు మార్కులు. ఆ ఎనభై ఆరు గురించి మా ఆయనకు పెళ్లయిన నాటి నుంచి నేను ఎన్నిసార్లు వినిపించానో నాకే తెలీదు.

సబ్సిడీ మంజూరైనట్టు మెసేజ్ వచ్చిన రోజు బాబా సంబరపడిపోయాడట. తన వచ్చీరాని హిందీలో మా ఆయనతో, "బాకీ పెట్రోల్ తుమ్హారా. జావ్, బీవీ కో దేఖో" అన్నాడట. నా తిరుగుడు పోను మిగిలిన పెట్రోలు నీది, పోయి భార్యను చూసుకో అని. పరాయి మనిషి నోటి నుంచి అంత మంచి మాట నేను ఆ దేశంలో అంతకుముందు వినలేదు.

అప్పటి నుంచి మాకు లెక్కలే లెక్కలు. ఆయన మీటరు చూసి కిలోమీటర్లు చెప్పేవాడు, నేను వంటింటి క్యాలెండర్ వెనక లీటర్లు రాసేదాన్ని. బాబా ఆసుపత్రికి ఇంత, మసీదుకు ఇంత, కూతురింటికి ఇంత, చేపల మార్కెట్టుకు ఇంత. అంతా తీసేస్తే నెలకు ముప్పై లీటర్లు తేలేవి. ఆయన బర్కా వచ్చి పోవడానికి పదిహేను. అంటే నెలకు రెండుసార్లు. అదీ నెల సగం గడిచి, బాబా తిరుగుడు ఎంతో తెలిశాకే. అందుకే మాకు నెలలో చివరి రెండు శుక్రవారాలే శుక్రవారాలు. మిగతావి ఊరికే సెలవు దినాలు.

ఆయన లీటర్లు మిగిల్చే తీరు చూస్తే నవ్వూ వచ్చేది, జాలీ వేసేది. బాబాను దించి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు ఏసీ ఆపేసేవాడు. హైవే మీద వెనకవాళ్లు హారన్లు కొట్టినా ఎనభై దాటేవాడు కాదు. బర్కా వచ్చేసరికి చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉండేది. తోట గోడ పక్కన బండి ఆపి, నేను గేటు దాటడం చూశాక మాత్రమే ఏసీ వేసేవాడు. నేను ఎక్కేసరికి చల్లగా ఉండాలని.

ఆ కారే మాకు ఇల్లు. నేను పనిచేసే ఇంటి మేడమ్ నాకు శుక్రవారం సాయంత్రం రెండు గంటలు ఇచ్చేది. ఆ రెండు గంటలూ ముందు సీట్లలో కూర్చునేవాళ్లం. ఎవరైనా వచ్చి మీరెవరని అడిగితే చూపించడానికి పెళ్లి సర్టిఫికెట్టును లామినేషన్ చేయించి డాష్‌బోర్డు అరలో పెట్టాడు. ఒక్కసారి కూడా ఎవరూ అడగలేదు. నేనే అప్పుడప్పుడు తీసి చూసుకునేదాన్ని. అందులో మా సంతకాలు చూస్తే ధైర్యంగా ఉండేది.

బండి నిలబెట్టి ఏసీ వేస్తే గంటకు లీటరున్నర. అది నా మనసులో గడియారంలా తిరుగుతూ ఉండేది.

"ఏసీ ఆపయ్యా. రెండు నిమిషాలు అద్దాలు దించి కూసుందాం" అనేదాన్ని.

"నీకు సెమట పడితే నాకు సూడబుద్ధి గాదు మేయ్."

"లీటర్లు అయిపోతాయి."

"అయిపోనీలే. నిన్ను సూసేదానికే గదా అవి ఉండేది."

హాస్టల్లో చదివే మా కొడుకు గురించి మాట్లాడుకునేవాళ్లం, ఊర్లో కట్టుకోబోయే రెండు గదుల గురించి మాట్లాడుకునేవాళ్లం. మాట మధ్యలో నేను మీటరు వైపు చూస్తే ఆయన దాని మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు. గంటన్నర అయ్యేసరికి ఇద్దరికీ మాటలు తగ్గిపోయేవి. దిగాల్సిన టైము దగ్గరపడితే నాకు ముందు నుంచే దిగులు మొదలయ్యేది. ఉన్న అరగంట కూడా ఆ దిగులుకే పోయేది.

మూడో ఏడు ఎండలు తగ్గుముఖం పట్టాక, మేడమ్ భర్తకు సలాలా బదిలీ అయింది. దేశానికి ఆ చివర. వెయ్యి కిలోమీటర్లు. నన్నూ తీసుకుపోతామన్నారు. జీతం కొంచెం పెంచుతామన్నారు. వద్దంటే వీసా రద్దు చేసుకుని ఊరికి పోవాలి, అంటే హాస్టలు ఫీజు ఆగిపోతుంది. క్యాలెండర్ వెనక లెక్క వేశాను. సలాలా వచ్చి పోవడానికి నూట ఎనభై లీటర్లకు పైనే. బాబా ఇంట్లోంచి కదలకుండా కూర్చున్నా అన్ని మిగలవు. సరేనన్నాను, కానీ మేడమ్‌ను ఒకటి అడిగాను. పోయేలోపు ఒక్క శుక్రవారం, పొద్దున్నుంచి సాయంత్రం నమాజు దాకా నాకు కావాలి అని. ఆమె నా ముఖం చూసి, ఏమీ అడగకుండా సరేనంది. పోవడానికి ఇంకా రెండు నెలలుంది.

పూర్తి రోజు. పొద్దునా మధ్యాహ్నమూ సాయంత్రమూ కలిసి ఉన్న రోజు మాకు ఆ దేశంలో ఒక్కటీ లేదు. సూర్ అనే ఊరి వైపు పోయే దారిలో కొండల మధ్య పారే నీళ్లున్నాయని మేడమ్ పిల్లలు ఫోన్‌లో చూపించారు. పచ్చటి నీళ్లు. మా పెన్నలో నీళ్లు పారుతున్నాయంటే ఊరంతా చూడటానికి పోతాం. ఆ నీళ్లలో కాళ్లు పెట్టుకుని ఆయన పక్కన కూర్చోవాలని నాకు పట్టుకుంది. ఆయన బర్కా వచ్చి, నన్ను ఎక్కించుకుని, అక్కడికి పోయి, మళ్లీ నన్ను దించి, అల్ ఖువైర్ చేరడానికి యాభై అయిదు లీటర్లని తేల్చాను. నెలకు ముప్పై. రెండు నెలలు కూడబెడితే అరవై. అయిదు లీటర్లు ఏసీకి మిగులుతాయి.

కూడబెట్టడమంటే మధ్యలో వచ్చే మూడు శుక్రవారాలు ఆయన రాకూడదు. నాలుగోదే మా రోజు.

ఆయనకు ఇష్టం లేదు. మొదటి శుక్రవారం పొద్దున ఫోన్ చేశాడు.

"లెక్క పక్కన పెట్టు మేయ్. వస్తాండా."

"వద్దు. కూడబెట్టు."

"రెండు గంటలే గదా. సూసి పోతా."

"పదిహేను లీటర్లు. గమ్మునుండు" అని ఫోన్ పెట్టేశాను. నాకు మాత్రం చూడాలని లేదా? పెట్టేసి ఆ గోడ వైపు పోయి, బండి ఆగే చోటు చూసి వచ్చాను.

రెండో శుక్రవారం మబ్బు పట్టింది. బర్కాలో అలాంటి రోజు ఏడాదికి ఎన్నిసార్లు వస్తుంది? ఏసీ లేకుండా, అద్దాలు దించుకుని కూర్చోగలిగే రోజు. తల దువ్వుకుని వంటింటి మెట్టు మీద కూర్చుని ఆ మబ్బు చూస్తూ రెండు గంటలూ గడిపాను. మూడో శుక్రవారానికి బాధ కొంచెం అలవాటైంది. రోజులు లెక్కపెట్టుకుంటూ ఉన్నాను.

ఆ నాలుగో శుక్రవారం నేను నాలుగింటికే లేచాను. చిత్రాన్నం కలిపాను, చెనిక్కాయల పొడి కట్టాను, బెల్లం పూర్ణం పెట్టి నాలుగు ఓళిగలు చేశాను. మేడమ్ ఇచ్చిన కొత్త చీర కట్టుకున్నాను. ఆరింటికి రావాల్సిన మనిషి ఏడున్నరకు వచ్చాడు. బండి ఆపాడు కానీ ఏసీ వెయ్యలేదు. అద్దాలు దించే ఉన్నాయి. నేను ఎక్కి కూర్చున్నా స్టీరింగు వైపే చూస్తున్నాడు.

"ఏమయింది? బాబాకు బాగలేదా?"

"బాబా బాగుండాడు. మేయ్, పోయిన నెల లీటర్లు పోయినాయి."

"యాడికి పోయినాయి?"

"పోయించుకోకుండా నెల మారితే పోతాయంట. పొద్దున పంపు కాడ పనిచేసే ఆయన సెప్పినాడు. ఏ నెలవి ఆ నెలకేనంట. ఈ నెల ముప్పైయే ఉండాయి."

నాకు మొదట అర్థం కాలేదు. మా బతుకులో ఏదీ అలా పోదు. లీవు తీసుకోకపోతే కూడుతుంది, రెండేళ్లది ఒకేసారి ఇస్తారు. ఊరికి పోకపోతే టికెట్టు వచ్చే ఏడుకు నిలుస్తుంది. తినాలనుకున్నది తినకుండా, కట్టుకోవాలనుకున్నది కట్టుకోకుండా దాచితే అది ఎక్కడో ఒకచోట కూడుతుందని నమ్మే కదా మేం ఈ దేశంలో ఉన్నది. పెట్రోలు కూడా అంతేననుకున్నాను. పోయిన నెల ముప్పై కింద ఈ నెల ముప్పై రాసి, గీత గీసి, అరవై అని వేశాను. లెక్కల్లో ఎనభై ఆరు నాకు.

"మూడు శుక్రవారాలు" అన్నాను.

"నాదే తప్పు. ఫోన్‌లో సూసుకోవాల్సింది నేనే గదా."

"నోరు మూసుకో. లెక్క నాది. నువ్వు వస్తానంటే రావద్దన్నది నేను."

ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆ మబ్బు పట్టిన శుక్రవారమే కళ్లముందు నిలిచింది. ఆ రోజు లీటర్లున్నాయి, మనిషి వస్తానన్నాడు, ఆకాశం చల్లగా ఉంది. నేనే వద్దన్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"డబ్బులు పెట్టి ఫుల్లు కొట్టిస్తా. పోదాం పా, నీళ్లకాడికి" అన్నాడు.

పోదామనే అనబోయాను. ఆయన చేతులు అప్పటికే స్టీరింగు మీదికి పోయాయి, కళ్లు రోడ్డు మీదికి పోయాయి. పొద్దంతా అలాగే ఉంటాయని అప్పుడు తట్టింది. పోయేటప్పుడూ రోడ్డే, వచ్చేటప్పుడూ రోడ్డే.

"బండి నడుపుతా రోడ్డు సూస్తావా, నన్ను సూస్తావా?" అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు.

"పోను రాను పదిహేను పోతే ఇంగా పదిహేనుండాయి. గంటకు లీటరున్నర. పది గంటలు ఏసీ వేసుకోవచ్చు. యాడికీ వద్దు. సముద్రం కాడ నిలబెట్టు" అన్నాను. ఈసారి లెక్క సరిగానే వేశాను.

బర్కా సముద్రం అక్కడికి పది నిమిషాలు. చేపల పడవలు ఇసుక మీదికి లాగి ఉన్న చోట, జనానికి కొంచెం దూరంగా ఆపాడు. ఏసీ వేశాడు. ఇద్దరం ఒకే డబ్బాలో చిత్రాన్నం తిన్నాం. ఆయన ఓళిగ తుంచి నా నోట్లో పెట్టాడు. అద్దం బయట కొట్టాయన లేడు, ఎవరూ లేరు. ఆయనకు చెప్పాల్సినవి రెండు నెలలుగా మనసులో వరసగా పెట్టుకుని ఉన్నాను. మొదటిది మొదలుపెట్టాను. నాలుగింటికి లేచిన ఒళ్లు, కడుపు నిండింది, చల్లగా ఉంది. అయిదు నిమిషాలు నడుం వాలుస్తానన్నాను. ఆయన నా సీటు వెనక్కి వాల్చాడు.

కళ్లు తెరిచేసరికి మసీదులో మధ్యాహ్నం దాటాక చేసే నమాజుకు బాంగు వినిపిస్తోంది. మూడు దాటింది. సముద్రం పొద్దున ఎదురుగా ఉండేది, ఇప్పుడు నా ఎడమ పక్కన ఉంది. ఆయన ఒక తువ్వాలు నా పక్క అద్దానికి అడ్డం పట్టుకుని, అటు వంగి కూర్చుని ఉన్నాడు. నా ముఖం మీద ఎండ పడకుండా.

నాకు పిచ్చి కోపం వచ్చింది. ఉన్నది ఒక్క రోజు. మూడు శుక్రవారాలు పోగొట్టుకుని తెచ్చుకున్న రోజు. దాన్ని కూడా నిద్రపోయి పోగొట్టాను.

"లేపొద్దా నువ్వు? బుద్ధుందా? ఒక్క దినం దొరికితే ఊరికే కూసున్నావా?"

"ఊరికే యాడ కూసున్నా? ఎండ తిరిగినప్పుడల్లా మూడుసార్లు బండి తిప్పినా. నీకు తెలీదు."

"లేపల్ల గదా అయ్యా నన్ను."

ఆయన తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. "నువ్వు నిద్రపోతాంటే సూసి మూడేండ్లయింది మేయ్" అన్నాడు.

ఆయన చెయ్యి తీసుకుని నా చెంప కింద పెట్టుకున్నాను. పొద్దు దిగేదాకా అలాగే ఉన్నాం. చెప్పాల్సిన వాటిలో సగం కూడా చెప్పలేదు. గేటు దగ్గర దించేటప్పుడు ఎన్ని మిగిలాయో చెప్పబోయాడు, వద్దన్నాను.

ఆ తర్వాతి వారమే సలాలా వచ్చేశాను. ఇక్కడ కొబ్బరి చెట్లు, అరటి తోటలు. వానకాలంలో కొండలన్నీ పచ్చగా అవుతాయి. ఆ పచ్చదనం చూడటానికి మస్కట్ నుంచి కార్లు బారులుగా వస్తాయి. కాలం మొత్తం తుంపర. ఏసీ అక్కర్లేని రోజులు ఇక్కడ కావలసినన్ని. ఆ తుంపరలో బట్టలు ఆరేసి మళ్లీ తీసుకుంటూ, బాబా బండిలాంటి తెల్లకారు ఏది పోయినా చూస్తాను. రాడని తెలుసు. చూడకుండా ఉండటం చేతకాదు.

నెలలో చివరి శుక్రవారం ఆయన ఫోన్ చేస్తాడు. పోయిన నెల చేసినప్పుడు వెనక కాకులు అరుస్తున్నాయి.

"యాడుండావు?"

"బర్కాలో. మీ తోట గోడకాడ."

"ఆడ ఎవరుండారని పోయినావు? ఇంటికి తాళం ఉంటాది గదా."

"లీటర్లు మిగిలినాయి మేయ్. రెండు దినాలైతే పోతాయి గదా."

తిట్టాలనుకున్నాను. ఎనభై కిలోమీటర్లు పోయి ఖాళీ గోడ పక్కన కూర్చునే మనిషిని ఏమని తిట్టాలి?

"నీ సీటు వాల్చింది వాల్చినట్టే ఉండాది" అన్నాడు. "బాబా వెనక కూసుంటాడు గదా, అడిగినాడు, ఇది సెడిపోయిందా అని. అవును బాబా అన్నా. బాగు సేయించమన్నాడు."

"సేయించినావా?"

"వచ్చే నెల సేయిస్తానని పతి నెలా సెప్తాండా."

అద్దాలు దించి ఉన్నట్టున్నాయి, గాలి చప్పుడు వినిపిస్తోంది. బర్కాలో ఆ టైముకు ఎండ ఎలా ఉంటుందో నాకు తెలుసు. చొక్కా ఎలా తడిసి ఉంటుందో కూడా తెలుసు.

"ఏసీ వేసుకో" అన్నాను.

"ఒక్కడికి ఎందుకులే."

"వేసుకోమంటే వేసుకో. నేనుండా గదా ఫోన్‌లో."

అద్దాలు పైకి లేచిన చప్పుడు వచ్చింది, తర్వాత ఏసీ చప్పుడు. గంటసేపు ఇద్దరం ఫోన్ పెట్టెయ్యలేదు.